పాలు చాలడం లేదన్న మాట

అనకాపల్లి నుంచి ఒక చెల్లెలు వ్రాసిన ఉత్తరాన్ని నాలుగు వారాల క్రితం ఈ శీర్షికలో ప్రచురించాం. ఆ సంచిక చూడనివారి కోసం సంగతి మళ్ళీ చెబుతాను. ఆమెకు తొలిచూలు బాబు. అప్పటికి ఏడు వారాలవాడు. పగలంతా బాగానే వుంటాడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళయ్యేసరికి రాగం ఎత్తుకుంటాడు. రొమ్ము పట్టుకుంటాడు, వదిలేస్తాడు, కాళ్ళు పొట్టలోకి ముడుచుకుంటాడు, ముఖం కందగడ్డలా చేసుకొని గుక్క పెడతాడు. మళ్ళీ పాలకోసం తడుముకుంటాడు. రాత్రి తొమ్మిదీ పదీ దాకా ఇదే వరస. ఇంట్లో అత్తగారు, పక్క వాటాలోని పిన్నిగారు, పనిమనిషి ముగ్గురూ కలిసి తీర్పు చెప్పేశారు: “నీ పాలు చాలడం లేదమ్మాయ్, డబ్బా మొదలెట్టు” అని. ఆ సాయంత్రమే భర్త డబ్బా కొనుక్కొచ్చాడు. అది వంటింటి అలమారలో కూర్చుని వుంది.

ఉత్తరం చివర ఆమె ఇలా వ్రాసింది: “మూత తీస్తే నేను తల్లిగా తప్పానని ఒప్పుకున్నట్టు వుంటుంది. తియ్యకపోతే బిడ్డను ఆకలితో మాడుస్తున్నట్టు వుంటుంది. ఏం చెయ్యమంటారు అక్కయ్యా?”

అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదు గనుక ఆమెకు అప్పుడే విడిగా జవాబు వ్రాశాను. అయితే ఆ తరువాత మీ దగ్గర నుంచి వచ్చిన ఉత్తరాలు చూస్తే ఈ డబ్బా అనకాపల్లిలో ఒక్క ఇంట్లోనే లేదని తెలిసింది. ప్రతి ఊళ్ళోనూ ఏదో ఒక వంటింటి అలమారలో అలాంటిది ఒకటి వుండనే వున్నది. అందుకని ఈ వారం పుట అంతా దానికే కేటాయిస్తున్నాను.

మొదట ఒక చిన్న ముక్క. ఆ ఉత్తరం మధ్యలో, అంత ముఖ్యం కాదనుకొని కాబోలు, ఆమె ఇంకో సంగతి కూడా ఇరికించింది. బాబు పుట్టినప్పుడు 2 కిలోల 900 గ్రాములు. ఆరో వారం టీకాకు తీసుకువెళ్ళినప్పుడు తూస్తే 3 కిలోల 900. అంటే ఆరు వారాల్లో సరిగ్గా ఒక కిలో! చెల్లెమ్మా, ఆ కిలో ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నావు? గాలి తాగి పెరగలేదు గదా! నీ పాలు చాలడం లేదని ముగ్గురు పెద్దమనుషులు సాక్ష్యం చెబుతుంటే, చాలుతున్నాయని తక్కెడ చెబుతోంది. నేనైతే తక్కెడ మాటే నమ్ముతాను.

తల్లిపాలతో వచ్చిన చిక్కంతా ఇదే. అవి గిన్నెలో కొలిచి పోసేవి కావు. ఎన్ని తాగాడో కంటికి కనిపించదు. కనబడనిదాన్ని గురించి ఎవరేమన్నా అనవచ్చు. కాబట్టి కనబడే గుర్తులు పట్టుకోవాలి. బిడ్డ పుట్టిన మొదటి నాలుగైదు రోజుల్లో బరువు కాస్త తగ్గుతాడు, పదింట ఒక వంతు దాకా తగ్గడం మామూలే. రెండు వారాలు తిరిగేసరికి పుట్టినప్పటి బరువుకు మళ్ళీ వచ్చేయాలి. అక్కడి నుంచి మూడు నెలల దాకా రోజుకు సుమారు 25, 30 గ్రాముల చొప్పున పెరుగుతూ పోతాడు. అయిదు నెలలకు పుట్టిన బరువుకు రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు అన్నది మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకూ తెలిసిన లెక్కే. ఇక రెండో గుర్తు తడిగుడ్డలు. మొదటి వారం దాటాక రోజుకు ఆరేడు గుడ్డలు తడిపితే, ఆ మూత్రం నీళ్ళలా తేటగా వుంటే, లోపలికి తగినన్ని పాలు వెళ్ళినట్టే. ఇప్పుడు డయపర్లు వచ్చి ఈ లెక్క చెడగొట్టాయి. అవి ఎన్నిసార్లు తడిసినా ఒక్కసారిలాగే వుంటాయి. అనుమానం వచ్చిన రోజున డయపరు పక్కనపెట్టి పాతచీర గుడ్డలు కట్టి లెక్కపెట్టండి. ఒక్క రోజు ఉతుకుడుకు భయపడితే ఎలా?

ఆరేడు వారాల దగ్గర తల్లిని భయపెట్టే సంగతి ఇంకొకటి వుంది. మొదట్లో రొమ్ములు బరువెక్కి, రవికెలు తడిసిపోయేలా పాలు కారేవి. ఆ సమయానికి అవి మెత్తబడతాయి, కారడం తగ్గుతుంది. “అయ్యో, పాలు ఎండిపోతున్నాయి” అనుకుంటుంది పిచ్చితల్లి. కాదు. బిడ్డకు ఎంత కావాలో ఒంటికి తెలిసిపోయింది, అంతే తయారుచేస్తోంది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు మొదట్లో ఇద్దరికి నలుగురి వంట చేసి, తరువాత కొలత తెలుసుకోవడం లాంటిదే ఇది.

మన భాషలో ‘చేపు’ అని చక్కటి మాట వున్నది. పాడి తెలిసిన ఇళ్ళవాళ్ళకు చెప్పనక్కరలేదు. దూడను విడిచి నాలుగు గుక్కలు కుడవనిస్తే గానీ ఆవు చేపదు. కొత్త మనిషి చెంబు పట్టుకొని వెళ్ళినా, కుక్క అరిచినా, చేపుకు వచ్చిన పాలు పైకెగబట్టేస్తుంది. తల్లి ఒళ్ళూ అంతే. బిడ్డ నోరు తగిలితే మెదడు నుంచి రెండు రసాలు బయలుదేరతాయట. ఒకటి పాలు తయారుచేయిస్తుంది, రెండోది చేపు రప్పిస్తుంది. నొప్పీ, దిగులూ, ఎవరో నెత్తిన నిలబడి “వస్తున్నాయా? వస్తున్నాయా?” అని అడగడమూ, ఇవన్నీ రెండోదానికి అడ్డం. తాగినకొద్దీ పాలు వూరతాయి, తాగకపోతే తగ్గుతాయి. అడగనిదే అమ్మయినా పెట్టదన్న సామెతను నేను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పానుగానీ, అది చంటిబిడ్డల విషయంలో ఇంత అక్షరాలా నిజమని మాత్రం ఆలస్యంగా తెలుసుకున్నాను.

ఇప్పుడు డబ్బా సంగతి చూడండి. సాయంత్రం ఒక సీసా పట్టారనుకోండి. బిడ్డ కడుపు బరువెక్కి నిద్రపోతాడు. “చూశావా, ఆకలికే ఏడ్చాడు” అంటారు. ఆ పూట రొమ్ము అడగడు. ఆ పూట పాలు మర్నాటికి తగ్గుతాయి. తగ్గితే ఇంకో సీసా. ఇలా పాలు చాలడం లేదన్న మాట, నెల తిరిగేసరికి నిజంగానే నిజమవుతుంది. చెప్పినవాళ్ళు “మేం ముందే చెప్పలేదూ?” అంటారు.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఇరవై యేళ్ళ క్రితం మా పెద్దమ్మాయి రెండు నెలల పిల్ల. పలకరించడానికి వచ్చిన ఒక పెద్దావిడ, రొమ్ము నుంచి రెండు చుక్కలు అరచేతిలో పిండించుకొని చూసి, “ఇవి పాలా? కుడితి నీళ్ళలా వున్నాయి” అన్నది. ఆవిడ మంచిదే. మాకు గోంగూర పచ్చడి చేసి తెచ్చింది కూడా. కానీ ఆ మాట నా ఒంట్లోకి దిగిపోయింది. తల్లిపాలు మొదట పల్చగా, నీలి చాయతో వస్తాయని, తాగుతున్నకొద్దీ చిక్కబడతాయని, పల్చని పాలు దాహానికీ చిక్కని పాలు ఆకలికీ అని అప్పుడు నాకు చెప్పినవాళ్ళు లేరు. ఆ రాత్రే డబ్బా వచ్చింది. మూడో నెల నిండేసరికి నా దగ్గర పాలు లేవు. అమ్మాయి చక్కగానే పెరిగింది, ఇప్పుడు నాకంటే రెండంగుళాలు ఎత్తు. దానికి లోటేమీ జరగలేదు. లోటు నాకే. ఆరోజుల్లో పిల్లను ఎత్తుకున్నప్పుడల్లా, ఇదేదో అరువు తెచ్చుకున్న బిడ్డ అన్నట్టు, ఎవరో వచ్చి ‘నీకు చేతకాదు’ అని తీసుకుపోతారేమో అన్నట్టు వుండేది. ఆ మాట మా ఆయనకు కూడా చెప్పలేదు.

కాలేజీలో చేరిన కొత్తలో నేను పోతన భాగవతం దశమ స్కంధం పాఠం చెప్పేదాన్ని. యశోద కృష్ణుడికి పాలిస్తూ వుంటుంది. పొయ్యిమీద పాలు పొంగుతాయి. పిల్లవాణ్ణి దించి అటు పరుగెడుతుంది. వాడికి కోపం వచ్చి కుండ పగలగొడతాడు. అక్కడి నుంచి రోటికి కట్టెయ్యడం, తాడు ఎంత కలిపినా రెండంగుళాలు తక్కువ కావడం అంతా మీకు తెలిసిన కథే. అదివరకు ఆ ఘట్టం చెప్పేటప్పుడు నా కళ్ళన్నీ కృష్ణుడి మీదే వుండేవి. సెలవు అయిపోయి మళ్ళీ క్లాసుకు వెళ్ళాక మొదటిసారి యశోదను చూశాను. నందుడి ఇంటి ఇల్లాలే, ఇంటినిండా పాడి వున్నదే, అయినా ఒళ్ళో పాలు తాగుతున్న బిడ్డను దించి పొయ్యి దగ్గరికి పరుగెత్తక తప్పలేదు! తాడు చాలక ఆవిడకూ చెమటలు పట్టాయి. క్లాసులో పిల్లలకు ఆ మాట చెప్పలేదు గానీ, ఆ రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో!

సరే, పాలు చాలుతున్నాయి గదా, మరి సాయంత్రం ఏడుపెందుకు అంటారా? ఈ ప్రశ్న కొత్తది కాదు. 1954లో వెసెల్ అనే అమెరికా డాక్టరూ ఆయనతో పనిచేసినవారూ ఇలాంటి పిల్లలనే పరిశీలించి ఒక మూడుల లెక్క చెప్పారు. రోజుకు మూడు గంటలకు మించి, వారానికి మూడు రోజులకు మించి, మూడు వారాలకు మించి ఏడుస్తూ, మిగతా అన్ని విధాలా ఆరోగ్యంగా వుండి చక్కగా పెరుగుతున్న పిల్లలు వుంటారని. 1962లో బ్రేజిల్టన్ అనే మరో డాక్టరు ఎనభైమంది పసిపిల్లల తల్లులచేత రోజూ ఏడుపు లెక్క వ్రాయించాడు. రెండో వారం నుంచి ఏడుపు పెరుగుతూ వచ్చి, ఆరో వారానికి రోజుకు సుమారు రెండు ముప్పావు గంటలకు చేరి, అక్కడి నుంచి తగ్గుముఖం పట్టింది. ఎక్కువ ఏడుపు సాయంత్రం పూటనే. మూడు నాలుగు నెలలకు చాలామంది పిల్లల్లో అది దానంతట అదే సద్దుమణుగుతుంది. కారణం ఇదీ అని తేల్చి చెప్పినవారు ఇప్పటికీ లేరు. అనకాపల్లి బాబుకు అప్పుడు ఏడో వారం. అంటే కొండ శిఖరం మీద వున్నాడన్నమాట. ఆ సాయంత్రం పూట గంటకోసారి, అరగంటకోసారి పాలకు రావడం కూడా పిల్లల సహజమే. రాత్రి నిద్రకు ముందు కడుపు నింపుకొంటున్నాడనుకోండి.

ఇక మీ ఉత్తరాలు. తెనాలి నుంచి డెబ్భై దాటిన ఒక అమ్మమ్మగారు మూడు పేజీలు వ్రాశారు. ఆవిడ చేతివ్రాత చూసి ముచ్చటపడ్డాను. “అత్తగారిని తప్పుపట్టకండి. మా కాలంలో డాక్టర్లే మూడు గంటలకోసారి గడియారం చూసి పాలివ్వమన్నారు. ఏడ్చినా ఎత్తుకోవద్దన్నారు. డబ్బామీద బొద్దుగా వున్న పిల్లవాడి బొమ్మ చూసి మా పిల్లలూ అలా వుండాలని ఆశపడ్డాం. తప్పని ఎవరు చెప్పారు మాకు?” అన్నారు. అది నిజం. మన వారపత్రికల పాత సంచికలు తిరగేస్తే పాలడబ్బాల ప్రకటనలు ఎన్ని కనిపిస్తాయో! 1992లో మన దేశంలో చట్టం వచ్చి ఆ ప్రకటనలను నిషేధించింది. డబ్బాలమీద పిల్లల బొమ్మలు వెయ్యకూడదన్నది. 2003లో దాన్ని ఇంకా బిగించారు. డాక్టర్లు మాత్రం మాట మార్చలేదా? 1950లలో పిల్లల్ని బోర్లా పడుకోబెట్టమన్నవారు 1990ల నుంచి వెల్లకిలా పడుకోబెట్టమంటున్నారు, అదే క్షేమమని తేలింది గనుక. కాబట్టి అత్తగారితో “మీకేమీ తెలియదు” అనకండి. “అత్తయ్యా, ఇప్పుడు ఇలా చెబుతున్నారు, తడిగుడ్డలు మీరు లెక్కపెట్టి పెట్టండి” అనండి. పని అప్పగించాక అనుమానం సగం తగ్గుతుంది.

హైదరాబాదు నుంచి ఒక తండ్రి వ్రాశాడు. తండ్రుల ఉత్తరాలు ఈ శీర్షికకు నెలకు ఒకటి వస్తే గొప్ప. ఆయన ఆఫీసు నుంచి ఏడింటికి వస్తాడట. రాగానే స్నానం చేసి, బిడ్డను చొక్కా లేకుండా ఛాతీమీద వేసుకొని మేడమీద పచార్లు చేస్తాడట, గంటసేపు. ఆ గంటలో భార్య వేడివేడిగా అన్నం తిని, కాసేపు తలుపు వేసుకొని పడుకుంటుంది. “ఏడుపు ఆగదండీ, కానీ మా ఆవిడ ఏడుపు ఆగింది” అని వ్రాశాడు. ఆ వాక్యాన్ని మా ఇంట్లో పైకి చదివి వినిపించాను. వినవలసిన వారు పేపరు అడ్డం పెట్టుకున్నారు.

న్యూజెర్సీలో వుంటున్న ఒక తెలుగమ్మాయి ఫోనులో పంపిన సందేశం కూడా చూడండి. పురిటికి వచ్చిన తల్లి వీసా గడువు తీరి తిరిగి వెళ్ళిపోయింది. ఇంట్లో తానూ పాపాయీ, పగలల్లా అంతే. “ఇక్కడ నాకు పాలు చాలడం లేదనేవాళ్ళు ఒక్కరూ లేరు. డాక్టరమ్మ బ్రహ్మాండంగా పెరుగుతోందన్నది. అయినా రాత్రి రెండింటికి నేనే అనుకునేదాన్ని, చాలడం లేదు అని” అన్నది. ఆ మాట నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. పక్కవాటా పిన్నిగారిమీద నేరం మోపడం సులభమే. కానీ అనేవాళ్ళు లేకపోయినా ఆ మాట రాత్రి రెండింటికి తనంతట తానే వస్తుందన్నమాట.

మీలో కొందరు పాత పద్ధతుల గురించి అడిగారు. నూనె రాచి, కాళ్ళమీద వేసుకొని నీళ్ళు పోయడం మంచిదే, బిడ్డకూ హాయి, చూసేవాళ్ళకూ హాయి. నూనె మాత్రం ముక్కులో, చెవిలో పోయకండి. సాంబ్రాణి పొగ చంటివాడి ఊపిరితిత్తులకు పడదు. ఆముదం, వస, తేనె నాలుకకు రాయడం మానెయ్యండి. ముఖ్యంగా తేనె ఏడాది నిండేదాకా వద్దే వద్దు, దానివల్ల పసివాళ్ళకు ప్రాణాంతకమైన జబ్బు వచ్చే వీలుంది. కంటికి కాటుకా వద్దు, దిష్టిచుక్క కావాలంటే అరికాలికి పెట్టుకోండి. ముర్రుపాలు పిండి పారబోయడం అన్నిటికంటే పెద్ద తప్పు, బిడ్డకు అదే తొలి టీకా. పుట్టిన గంటలోపే పాలకు వేసుకోవాలి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. రోహిణి కార్తె ఎండల్లో కూడానా అంటారేమో, అప్పుడూ అంతే. తల్లిపాలలో నూటికి ఎనభై ఏడెనిమిది పాళ్ళు నీరే. ఆ తరువాత అన్నప్రాశన చేసి, మెత్తగా కలిపిన పప్పన్నంతోపాటు రెండేళ్ళదాకా, ఇంకా పైన కూడా, పాలివ్వవచ్చు.

బాలింత పథ్యం మాటకొస్తే, దాహం వేసినా నీళ్ళివ్వకపోవడం, కారప్పొడీ అన్నంతో నెలలు గడిపించడం శుద్ధ అన్యాయం. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ మామూలు తిండికంటే రోజుకు సుమారు 600 కేలరీలు అదనంగా కావాలని మన పోషకాహార నిపుణుల లెక్క. అంటే ఇంచుమించు ఇంకో పూట భోజనం. వెల్లుల్లి, మెంతులు, తీరప్రాంతం వాళ్ళు పెట్టే పాలసొర ఇవన్నీ తినండి, తప్పులేదు. కానీ పాలు పెంచేది ప్రధానంగా బిడ్డ నోరే. రాత్రి పూట పాలు మాన్పించకండి, ఆ వేళలోనే పాలు తయారుచేయించే రసం ఎక్కువగా వుంటుంది.

ధైర్యం చెప్పడమంటే అన్నిటికీ “ఏం ఫరవాలేదు” అనడం కాదు గదా. అందుకని ఇది జాగ్రత్తగా చదవండి. రోజుకు ఆరు గుడ్డలు కూడా తడపకపోయినా, మూత్రం ముదురు పసుపుగా వున్నా, పాలకు లేవకుండా మత్తుగా పడివున్నా, నడినెత్తి లోపలికి గుంటపడినా, ఆకుపచ్చగా కక్కుకున్నా, విరేచనంలో రక్తం కనిపించినా, రెండు వారాలైనా పుట్టిన బరువుకు రాకపోయినా ఈ శీర్షికకు ఉత్తరం వ్రాస్తూ కూర్చోకండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మూడు నెలల లోపు బిడ్డకు ఒళ్ళు 100.4 డిగ్రీలు తాకితే అర్ధరాత్రయినా వెళ్ళవలసిందే. అంతా బాగున్నట్టే వుండి, రొమ్ము పట్టించేటప్పుడు విపరీతమైన నొప్పి వుంటే, బిడ్డ చనుమొన ఒక్కదాన్నే పట్టుకుంటున్నాడేమో చూడాలి. చుట్టూ వున్న నల్లటి భాగం కూడా వాడి నోట్లోకి పోవాలి. ఆసుపత్రిలో నర్సమ్మను అడిగితే కూర్చోబెట్టి చూపిస్తుంది. అడగడానికి సిగ్గుపడి ఎందరు పాలు పోగొట్టుకున్నారో!

ఏడుపు భరించలేక చేతులు వణికిపోయే రోజు ఒకటి వస్తుంది. అందరికీ వస్తుంది, పైకి చెప్పరు. ఆ క్షణంలో బిడ్డను వెల్లకిలా మంచంమీద క్షేమంగా పడుకోబెట్టి, పక్కగదిలోకి వెళ్ళి ఒక గ్లాసు నీళ్ళు తాగి, పది నిమిషాల తరువాత రండి. ఆ కాస్సేపు ఏడిస్తే బిడ్డకు ఏమీ కాదు. పట్టుకొని కుదిపితే మాత్రం మెదడుకు దెబ్బ తగులుతుంది. ఇక తల్లి సంగతి. పురుడైన మొదటి వారం రెండు వారాలు కారణం లేకుండా కళ్ళనీళ్ళు రావడం మామూలు. రెండు వారాలు దాటినా దిగులు తగ్గక, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టక, బ్రతకాలనిపించక వుంటే అది జబ్బు. పొగరూ కాదు, సోమరితనమూ కాదు. దానికి మందూ వుంది, మాటా వుంది. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన ‘టెలి మానస్’ 14416 నంబరుకు ఏ వేళనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు, పైసా ఖర్చు లేదు. ఇంట్లో వాళ్ళు చేసినా సరే.

కొందరు తల్లులు కోపంగా కూడా వ్రాశారు. కవలపిల్లలు, నెలతక్కువ కాన్పు, తల్లి జబ్బు, ఉద్యోగం, ఇలా నిజంగానే డబ్బాపాలు తప్పనివాళ్ళు. “మేమంతా చెడ్డ తల్లులమా?” అని ఒకావిడ అడిగింది. అమ్మా, నా పెద్దకూతురి సంగతి పైన వ్రాశాను, నన్ను నేను తిట్టుకున్నట్టు మిమ్మల్ని తిట్టగలనా? డాక్టరు చెప్పాక పొయ్యండి. పొడీ నీళ్ళూ డబ్బామీద చెప్పిన కొలతకే కలపండి, ఖరీదు ఎక్కువని పల్చన చెయ్యకండి. నీళ్ళు కాచండి. సీసా కంటే మన ఉగ్గుగిన్నె మేలు. కడగడం తేలిక, మూలల్లో పాచి పట్టదు. నెలతక్కువ పిల్లలకు ఆసుపత్రుల్లో కూడా అలాంటి గిన్నెతోనే కాస్త కాస్త పట్టిస్తారు. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు పాలు పిండి శుభ్రమైన గిన్నెలో మూతపెట్టి ఫ్రిజ్జులో వుంచితే ఇంట్లోవాళ్ళు పట్టవచ్చు. ఆ సంగతి విడిగా ఒక వారం వ్రాస్తాను.

అనకాపల్లి చెల్లెలి రెండో ఉత్తరం మొన్న శనివారం అందింది. పదో వారం టీకాకు వెళ్ళినప్పుడు బాబు 4 కిలోల 700 గ్రాములు తూగాడట. సాయంత్రం కచేరీ ఇంకా వున్నది గానీ ఎనిమిదింటికల్లా ముగుస్తోందట. అత్తగారు గోడమీద క్యాలెండరులో తడిగుడ్డలకు గీతలు పెడుతున్నారు. ఒక రోజు తొమ్మిది గీతలు వచ్చాయని పక్కవాటా పిన్నిగారిని పిలిచి మరీ చూపించారట. డబ్బా మూత తియ్యనే లేదు. కొట్టువాడు వెనక్కి తీసుకోనంటే, ఆసుపత్రిలో కవలపిల్లల తల్లికి డాక్టరమ్మ చేతుల మీదుగా ఇచ్చి వచ్చారు. అలమారలో ఆ చోట ఇప్పుడు మెంతుల సీసా పెట్టుకున్నారట.